తెరచిన తలుపు: కాథలిక్ వర్కర్ గృహములనుండి ఒక పాఠము



పోయిన శీతకాలమున మన పాఠశాలయందు నీతిబోధ తరగతిలో అతిథి సేవనుగూర్చి ఒక పాఠము చెప్పితిని. చెప్పిన నాలుగు దినములకు ఒక విద్యార్థి తండ్రి ఉదయముననే నా గదికి వచ్చిరి. ఆయన మరమగ్గముపై చద్దరులు నేయువారు. కూర్చుండుడనినను కూర్చుండక ఇట్లనిరి:

"సారూ, మీ పాఠంతోని మా ఇంట్ల కొత్త చద్దరు పోయింది. పిల్లగాడు టేషన్ కాడ పండుకున్న ముసలాయనకు కప్పి వచ్చిండు. దానం మంచిదే. కాని నేసింది నేను గద, సారూ?"

ఆ ప్రశ్నకు ఆనాడు నాయొద్ద సరియైన సమాధానము లేకపోయెను. "మీ కుమారుని మనసు మంచిది" అని మాత్రమంటిని. ఆయన "పోనీయుండ్రి, కొట్టలేదులే సారూ" అని వెడలిపోయిరి. ఆ మాట నా మనసున నాటుకొన్నది. నేను చెప్పిన పాఠములో ఏదో లోపమున్నదని తోచినది. ఆలోచింపగా, తప్పు పాఠములో లేదు, అరగంటలో సగము పాఠమే చెప్పుటలో ఉన్నదని గ్రహించితిని. మిగిలిన సగమును ఈ వార్షిక సంచికయందు పిల్లల ముందుకంటె పెద్దల ముందుంచుట న్యాయమని ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

ఆనాడు నేను చెప్పినది అమెరికా దేశమందలి కాథలిక్ వర్కర్ గృహముల కథ. ఇది క్రైస్తవ మతములో పుట్టినది. ఎవరినైనను మతము మార్చుటకుగాని, మన ఆచారములను తక్కువ చేయుటకుగాని చెప్పినది కాదు. ఇల్లు వాకిలి లేనివారితో ఒకే కప్పుక్రింద కాపురముండి, వారు అట్లేల ఉండవలసివచ్చినదని లోకమును ప్రశ్నించిన కొందరి జీవితమిది. అందులో మనకు పనికివచ్చునది చాలగలదు.

1. ఇద్దరు స్థాపకులు

డొరొతీ డే 1897 నవంబరు 8వ తేదీన న్యూయార్కు నగరమందలి బ్రూక్లిన్‌లో జన్మించెను. తండ్రి పత్రికా రచయిత. కుటుంబము కాలిఫోర్నియాయందలి ఓక్లండు పట్టణమున నివసించుచుండగా, 1906 ఏప్రిల్ 18వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కో నగరమును మహా భూకంపము ధ్వంసము చేసినది. ఇండ్లు కోల్పోయిన వేలాది జనులు పడవలలో అఖాతము దాటి ఓక్లండునకు వచ్చిరి. ఇరుగు పొరుగువారందరు తమ వంటలను, వస్త్రములను పంచిపెట్టిరి. ఎనిమిదేండ్ల ఆ బాలిక దీనిని కన్నులార చూచెను. ఆపద కాలమున ఒకరినొకరు ఇట్లు ఆదుకొనగల మనుష్యులు మామూలు దినములలో ఏల ఆదుకొనరను ప్రశ్న ఆమెను జీవితాంతము విడువలేదు.

యౌవనమున ఆమె ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున రెండేండ్లు చదివి, చదువు విడిచి, న్యూయార్కులో సామ్యవాద పత్రికలకు వార్తలు వ్రాయ మొదలిడెను. 1917లో స్త్రీలకు ఓటు హక్కు కావలెనని అధ్యక్ష భవనము ముందు నిలచి, కారాగారమునకు పోయి, అచ్చట నిరాహార దీక్ష వహించెను. 1926లో ఆమెకు తామార్ అను కుమార్తె కలిగినది. ఆ సంతోషమే ఆమెను దైవము వైపు మరలించినది. 1927 డిసెంబరులో ఆమె కాథలిక్ మతము స్వీకరించెను. బిడ్డ తండ్రికి మతమన్న గిట్టదు. కావున ఆ సంసారము అంతటితో ముగిసెను. ఒంటరి తల్లిగా బిడ్డను పెంచుకొనుచు ఆమె కలముతో బ్రతికెను.

1929లో అమెరికాయందు ఆర్థిక మాంద్యము మొదలైనది. మిల్లులు మూతపడెను, బ్యాంకులు దివాలా తీసెను, పనివారు వీధిన పడిరి. 1932 డిసెంబరులో ఆకలిగొన్నవారు వాషింగ్టనునకు యాత్రగా వెడలినపుడు ఆమె విలేఖరిగా వెంట వెళ్ళెను. పేదల పక్షమున నడచుచున్నవారిలో తన మతమువారు సంఘముగా కానరాకుండుట ఆమెకు బాధ కలిగించెను. డిసెంబరు 8వ తేదీన అచ్చటి మేరీమాత దేవాలయమున కన్నీటితో ప్రార్థించి, తన చదువును శక్తిని పేదలకు ఉపయోగించు మార్గము చూపుమని కోరెను. ఆమె న్యూయార్కు తిరిగి వచ్చిన వెంటనే పరిచయమైన వ్యక్తి పీటర్ మోరిన్.

పీటర్ 1877లో ఫ్రాన్సు దేశమున ఒక పెద్ద రైతు కుటుంబములో పుట్టెను. కొంతకాలము ఉపాధ్యాయుడుగా పనిచేసి, 1909లో కెనడాకు వలసపోయి, పిమ్మట అమెరికాలో కూలిపనులు చేసి జీవించెను. చినిగిన కోటు, జేబుల నిండ పుస్తకములు, నోటి నిండ మాటలు, ఇవి ఆయన ఆస్తి. ఆయన కార్యక్రమము మూడు భాగములు. మొదటిది, పండితులును పామరులును ఒకచోట కూర్చుండి ఆలోచనలను తేటపరచుకొను గోష్ఠులు. రెండవది, నిరాశ్రయులకు అతిథి గృహములు. మూడవది, పనిలేనివారు భూమిమీద పనిచేసి బ్రతుకగల వ్యవసాయ సమాజములు. చదువుకొన్నవాడు చేతిపని నేర్వవలెను, చేతిపనివాడు చదువవలెను అనునది ఆయన మతము. మగ్గము ప్రక్కన కూర్చుండి చదువుకొన్న తరముల బిడ్డలమైన మనకు ఈ మాట క్రొత్తది కాదు.

2. పత్రికనుండి గృహమునకు

1933 మే 1వ తేదీన న్యూయార్కునందలి యూనియన్ స్క్వేర్‌లో కార్మిక దినోత్సవమునకు చేరిన జనసమూహమున ఒక క్రొత్త పత్రికను అమ్మిరి. దాని పేరు "ది కాథలిక్ వర్కర్". వెల ఒక సెంటు. మొదటి సంచిక 2,500 ప్రతులు. అచ్చు ఖర్చు 57 డాలర్లు. మూలధనము లేదు. ఇంటికి కట్టవలసిన గ్యాసు, కరెంటు బాకీలు ఆపి, మిత్రులిచ్చిన చిల్లర చేర్చి ఆ సొమ్ము సమకూర్చిరి. 1936 నాటికి ఆ పత్రిక 1,50,000 ప్రతులకు పెరిగినది. దాని వెల నేటికిని ఒక సెంటే.

పత్రికలో పీటర్ అతిథి గృహములనుగూర్చి వ్రాయుచుండెను. పూర్వ కాలమున ప్రతి బిషప్పు తన మండలమున బాటసారులకు గృహము నడుపవలసియుండెననియు, ప్రతి సంసారి ఇంటను క్రీస్తు పేర ఒక గది ఖాళీగ ఉంచవలెననియు ఆయన బోధ. చదివినవారు ఊరకుండలేదు. ఇల్లు లేనివారు నేరుగా పత్రికా కార్యాలయమునకు వచ్చి, మీరు వ్రాసిన గృహము ఎచ్చటనని అడిగిరి. అడిగినవారిని పంపివేయుట ఎట్లు? ముందు ఒక చిన్న అద్దె ఇల్లు తీసికొనిరి. పిమ్మట మరియొకటి. ఈ విధముగ వ్రాసిన మాటకు కట్టుబడుటనుండియే గృహము పుట్టినది. పదేండ్లు గడవక మునుపే దేశము నలుమూలల ముప్పదికి పైగా ఇట్టి గృహములు వెలసెను.

నేడు అమెరికాలోను, ఇతర దేశములలోను కలిపి నూట ఏబదికి పైగా కాథలిక్ వర్కర్ సమాజములు గలవు. వీటికి కేంద్ర కార్యాలయము లేదు, అధ్యక్షుడు లేడు, సభ్యత్వ రుసుము లేదు. ఒక్కొక్క గృహము తన భారమును తానే మోయును. న్యూయార్కులో తూర్పు ఒకటవ వీధియందలి సెయింట్ జోసెఫ్ గృహమును, తూర్పు మూడవ వీధియందు స్త్రీలకై ఏర్పడిన మేరీ హౌసును ఎక్కువ ప్రసిద్ధములు. ఈ రెండవ గృహముననే 1980 నవంబరు 29వ తేదీన డొరొతీ డే కన్నుమూసెను.

3. గృహము నడచు రీతి

ఒక గృహములో రెండు విధములవారుందురు. ఇష్టపూర్వకముగ పేదరికమును స్వీకరించి సేవకు వచ్చినవారు కొందరు. వేరు దిక్కులేక వచ్చినవారు కొందరు. ఇరువురికి ఒకే వంట, ఒకే బల్ల, ఒకే విధమైన గదులు. సేవకులకు జీతము లేదు. దానముగా వచ్చిన బట్టలనే వారును ధరింతురు. వచ్చినవానిని "అతిథి" అని పిలుతురేగాని మరియొక పేరుతో పిలువరు.

తెల్లవారకముందే పెద్ద గిన్నెలలో పులుసువంటి సూపు కాచుదురు. కాఫీ, రొట్టె సిద్ధపరతురు. వీధిలో వరుస నిలచినవారిని లోనికి పిలిచి కూర్చుండబెట్టి వడ్డింతురు. నీ మతమేది, నీ ఊరేది, నీవేల పనిచేయవు అని అడుగరు. అన్నము తినుటకు ప్రార్థన చేయవలెనను నియమము లేదు. సామాన్యముగ రెండు కట్టుబాట్లుండును: లోపల మద్యము త్రాగరాదు, ఎవరిమీదను చేయిచేసికొనరాదు. శక్తిగలవారు కూరలు తరుగుదురు, గిన్నెలు తోముదురు, పత్రికలు మడచి చిరునామాలు అంటింతురు. సాయంకాలము ఇష్టమున్నవారు ప్రార్థనకు కూడుదురు. న్యూయార్కు గృహములలో శుక్రవారము రాత్రులు గోష్ఠి జరుపు సంప్రదాయము పీటర్ నాటినుండి వచ్చినది.

ధనమెట్లు వచ్చును? ప్రభుత్వ సహాయము కోరరు. పాఠకులు పంపు చిన్న చిన్న విరాళములే ఆధారము. 1956లో వారి ఇల్లు అగ్నిప్రమాద నిబంధనలకు సరిపడదని న్యాయస్థానము 250 డాలర్ల జరిమానా విధించినది. డొరొతీ కోర్టునకు బయలుదేరుచుండగా వాకిట నిలచియున్న పేదల నడుమనుండి సాదా దుస్తులు ధరించిన ఒకరు ఆమె చేతిలో ఒక చెక్కు ఉంచిరి. రెండున్నర డాలర్లు కాబోలునని ఆమె తలచెను. దారిలో విప్పి చూడగా 250 డాలర్లు. ఇచ్చినవారు ప్రసిద్ధ ఆంగ్లకవి ఆడెన్.

వడ్డీ విషయమున వారి నడత మరింత విచిత్రము. క్రిస్టీ వీధియందలి వారి ఇంటిని భూగర్భ రైలుమార్గము కొరకు నగరపాలకులు తీసికొని 68,700 డాలర్లు నిర్ణయించిరి. సొమ్ము ఆలస్యమైనందున 3,579 డాలర్ల పైచిలుకు వడ్డీ కూడ చేర్చి ఇచ్చిరి. 1960లో డొరొతీ ఆ వడ్డీ మొత్తమునకు చెక్కు వ్రాసి నగరపాలకులకు తిరిగి పంపెను. శ్రమింపక వచ్చిన ధనమును తాము స్వీకరింపజాలమని తెలిపెను. ఆ దినమున ఆ గృహములో ధనము పొంగిపొరలుచుండలేదు. సాహుకారు పుస్తకములో మన పెద్దల పేర్లు ఎన్ని తరములు నిలచియుండెనో ఎరిగిన మనకు ఈ చెక్కు విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

4. దయయు న్యాయమును

కాథలిక్ సంప్రదాయమున దయాకార్యములు పదునాలుగు. శరీరమునకు సంబంధించినవి ఏడు: ఆకలిగొన్నవారికి అన్నము, దప్పిగొన్నవారికి నీరు, బట్టలేనివారికి వస్త్రము, ఇల్లులేనివారికి ఆశ్రయము ఇచ్చుట, రోగులను, ఖైదీలను చూడబోవుట, మృతులకు అంత్యక్రియలు జరుపుట. మనస్సునకు సంబంధించినవి మరి ఏడు. అందు తెలియనివారికి చదువు చెప్పుట యొకటి, ఇతరులు చేసిన కీడును ఓర్చుకొనుట మరియొకటి. ఉపాధ్యాయుడనైన నాకు ఈ రెండును ఒకే తరగతి గదిలో లభించుచున్నవని చెప్పిన మీరు నవ్వుదురు.

అయితే ఇంతటితో ఆగినయెడల కాథలిక్ వర్కర్ గృహము ఒక అన్నసత్రము మాత్రమే అగును. అన్నము పెట్టుచేతనే వారు మరియొక ప్రశ్న వేసిరి: ఈ మనుష్యునికి అన్నము లేకపోవుటకు కారణమేమి? కూలి తక్కువ, అద్దె ఎక్కువ, యుద్ధములకు పోవు ధనము, తెల్లవారు నల్లవారను భేదము. పత్రిక శీర్షమున ఒక తెల్ల కార్మికుడును ఒక నల్ల కార్మికుడును చేయి చేయి కలిపి నిలచి, వారి వెనుక క్రీస్తు నిలచిన చిత్రమును ముద్రించిరి. దానిని గీసినది ఆడే బెథూన్ అను యువతి. అమెరికాలోని పలు రాష్ట్రములలో నల్లవారికి తెల్లవారి పాఠశాలలలో ప్రవేశము లేని కాలమున ఇది సామాన్య విషయము కాదు.

న్యాయము కొరకు నిలచుటలో వారు స్వపరభేదము చూడలేదు. 1949లో న్యూయార్కునందలి కాథలిక్ శ్మశానములలో గోతులు త్రవ్వు కూలీలు సమ్మె చేసిరి. ఎదుటి పక్షమున నిలచినది తమ మత గురువగు కార్డినల్. డొరొతీ ఆయనయందు భక్తి గలదియే. అయినను కూలీల పక్షముననే నిలచెను. అణుయుద్ధమునకు సిద్ధపడుటయే పాపమని, 1955నుండి ఏటేట జరుగు విమానదాడి కసరత్తులలో నేలమాళిగలకు పోక, ఉద్యానవనమున బహిరంగముగ కూర్చుండి పలుమారులు నిర్బంధింపబడెను. 1973లో, డెబ్బది అయిదేండ్ల వయసున, కాలిఫోర్నియా ద్రాక్షతోటల కూలీల సమ్మెలో పాల్గొని కొన్ని దినములు కారాగారమున గడపెను.

ఈ అహింసా మార్గమునకు మన దేశముతో సంబంధమున్నది. గాంధీమహాత్ముని ఆమె మిక్కిలి గౌరవించెను. 1948లో ఆయన హత్య జరిగినపుడు కాథలిక్ వర్కర్ పత్రిక మొదటి పుటలోనే సంతాపము ప్రకటించినది. 1970లో ఆమె కలకత్తాకు వచ్చి మదర్ తెరెసాను, ఆమె సేవా గృహములను దర్శించెను.

5. అర్హుడెవడు?

ఈ కథ చెప్పినపుడు తరగతిలో ఒక బాలుడు లేచి, ఊరకే పెట్టినయెడల వారు సోమరులగుదురుగదా యని అడిగెను. మంచి ప్రశ్న. పెద్దలును దీనినే అడుగుదురు.

డొరొతీనిగూర్చి చెప్పుకొను ఒక వృత్తాంతము దీనికి సమాధానము. ఒకనాడు ఒక ధనిక స్త్రీ గృహమునకు వజ్రపుటుంగరము దానముగా ఇచ్చెను. డొరొతీ దానిని జేబులో ఉంచుకొనెను. కొంతసేపటికి తరచు భోజనమునకు వచ్చు ఒక వృద్ధురాలు వచ్చెను. నోరు మంచిది కాదు, అందరితోను కలహించునది. డొరొతీ ఆమె చేతిలో ఉంగరము పెట్టెను. అది అమ్మినచో ఆమెకు ఏడాది అద్దెకు సరిపోవునని తోడివారు గొణిగిరి. డొరొతీ చెప్పిన సమాధానము యొక్క తాత్పర్యమిది: అమ్ముకొని అద్దె కట్టుకొనుట, లేక వేలికి ధరించి సంతోషించుట ఆమె ఇష్టము, వజ్రములను దేవుడు ధనవంతులకొరకే సృజించెనా?

ఈ పని లెక్క ప్రకారము తప్పుగనే తోచును. కాని ఆమె చూపినదేమి? పేదవానికి అన్నము ఇచ్చుటకంటె నమ్మకము ఇచ్చుట కష్టము. మనము ఇచ్చిన రూపాయితో ఏమి కొనెనో కాపలా కాయుట దానమునకు కట్టిన వడ్డీవంటిది. అర్హత చూచి పెట్టవలసినచో, అతిథిని ఎన్నుకొను అధికారము మనదగును. అప్పుడు ఆతడు అతిథి కాడు, ఉద్యోగార్థి యగును. ఆరవ శతాబ్దమున బెనెడిక్టు ముని తన మఠమునకు వ్రాసిన నియమావళిలోను వచ్చిన ప్రతి అతిథిని క్రీస్తునిగా స్వీకరింపవలెనని ఉన్నది. అతిథిని దైవముగా భావించుమని మన పెద్దలు చెప్పిన మాటయందును అర్హతా పరీక్ష లేదు. రెండు దేశములు, రెండు మతములు, ఆలోచన ఒక్కటే.

సోమరితనమును వారు మెచ్చిరని అర్థము కాదు. పీటర్ కార్యక్రమమున మూడవ భాగము శ్రమయే. పని ఆకలి తీరిన పిమ్మట నేర్పవలసినదిగాని, ఆకలి తీర్చుటకు షరతుగా పెట్టవలసినది కాదని మాత్రమే వారి భావము.

6. కష్టములు, లోపములు

మేలు మాత్రమే చెప్పినచో ఇది పాఠము కాదు, స్తోత్రమగును. ఆ గృహములలో నల్లులుండెను, పేలుండెను, దొంగతనములుండెను. మతి చెదరినవారి కేకలతో నిద్రలుండవు. పెన్సిల్వేనియాలోని ఈస్టన్‌వద్ద 1936లో నెలకొల్పిన వ్యవసాయ సమాజము కలహములతో చెడిపోయెను. మాటలాడువారు ఎక్కువై దున్నువారు తక్కువైరి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున యుద్ధమును ఏ రూపమునను సమర్థింపమని డొరొతీ పట్టుపట్టగా, అనుచరులే అనేకులు విడిపోయిరి. పత్రిక ప్రతులు తగ్గిపోయెను. గృహములు చాల మూతపడెను. పీటర్ తన చివరి అయిదేండ్లు ఆలోచనాశక్తి నశించి, 1949 మే 15వ తేదీన మరణించెను. ఎవరో ఇచ్చిన పాత దుస్తులలో, ఎవరో ఇచ్చిన సమాధి స్థలమున ఆయనను ఖననము చేసిరి.

తల్లిదండ్రులు ముఖ్యముగ గమనింపవలసినది మరియొకటి. డొరొతీకి కుమార్తె గలదంటిని. తల్లి ఊరూర ఉపన్యాసములకు పోవుచుండగా ఆ బిడ్డ గృహములోను, బడులలోను, ఇతరుల సంరక్షణలోను పెరిగినది. ఇంట ఉన్న వస్తువులు ఎవరివో ఎవరికి తెలియవు. బాలిక దాచుకొన్నవి కూడ పోవుచుండెను. ఊరివారందరికి తల్లియైన స్త్రీ తన బిడ్డకు ఎంత తల్లి కాగలిగెనను చింత డొరొతీనే బాధించినది. సేవకు పోవువారు ఆ సేవ వెలను తామే చెల్లించుచున్నారా, లేక ఇంటివారిచేత చెల్లింపజేయుచున్నారా యని తమను తాము ప్రశ్నించుకొనవలెను. ఆ చద్దరు నేసిన తండ్రి నన్నడిగినదియు ఇదియే. తరగతిలో నేను విడిచిపెట్టిన సగమును ఇదియే.

ఇంత ఉండియు ఆ ఉద్యమము నిలచినది. కారణము, వారు ఫలితమును లెక్కింపకుండుటయే. చిన్నపని ప్రేమతో చేయుట చాలునని బోధించిన లిసియూ తెరెసామీద డొరొతీ 1960లో ఒక పుస్తకము ప్రకటించెను. వీధిలోని ఆకలినంతటిని తీర్చలేము గనుక ఎదుట నిలచినవానికి పెట్టుట మానుట న్యాయము కాదని ఆమె జీవితమే చెప్పుచున్నది. 2000వ సంవత్సరమున ఆమెను పునీతురాలిగా గుర్తించు విచారణకు కాథలిక్ సంఘము అనుమతించినది. 2015లో పోప్ ఫ్రాన్సిస్ అమెరికా శాసనసభలో ప్రసంగించుచు లింకన్, మార్టిన్ లూథర్ కింగ్, థామస్ మెర్టన్‌లతో పాటు ఆమె పేరును స్మరించెను.

7. మన ఇండ్లకు

ఇప్పుడు ఆ చద్దరు సంగతి ముగింపవలెను. సంక్రాంతి సెలవులకు ముందు ఆ తండ్రి మరల కనబడిరి. పిల్లవానిని ఏమి చేసితిరని అడిగితిని. "ఏం చేస్తం సారూ! ఆదివారం ఆదివారం ఒక గంట కండెలు చుట్టి చద్దరు పైసలు తీర్చుమన్న. తీరుస్తున్నడు. నిన్న తీరింది. ఇగ ఆ దానం వానిదే" అనిరి.

నేను ఎన్నియో పుస్తకములు చూచి తెలిసికొనవలసిన దానిని ఆయన మగ్గముమీద కూర్చుండియే తెలిసికొనిరి. పీటర్ మోరిన్ ఎప్పుడును చెప్పుచుండినదియు ఇదియే: దానము మనకు కొంత కష్టము కలిగించినప్పుడే మనదగును. తండ్రి చద్దరు కప్పినవాడు దయగలవాడు. దాని వెలను తన శ్రమతో తీర్చినవాడు దయతో పాటు న్యాయమును నేర్చినవాడు. బాలుని దయను తండ్రి తిట్టి చంపలేదు, తన శ్రమను ఊరక పోగొట్టుకొనను లేదు. అన్యోన్యముగ రెండును నిలచినవి.

మన తాతలు ఈ ఊరికి వచ్చినపుడు వారి భాష ఇచ్చటివారికి తెలియదు. రైలు దిగిన తొలిరాత్రి ఎవరో ఒకరు అరుగు చూపియుందురు, ఎవరో కుండలోని నీరు పోసియుందురు. ఆ ఇంటి పేరు మనకు తెలియదు. ఆ ఋణము ఇచ్చినవారికి తీర్చలేము; ఇప్పుడు వచ్చుచున్నవారికే తీర్చవలెను. నేడు మన వాడలకు పనికై వచ్చువారు వేరు భాషలవారు. మన మాట తెలియదని వారి బిడ్డలను మన పిల్లలు ఎగతాళి చేసినప్పుడు, వారిని సరిదిద్దుట మొదటి అతిథి సేవ. దానికి పైస ఖర్చు లేదు.

గృహములు స్థాపింపుడని నేను కోరుట లేదు. అంత శక్తి నాకును లేదు. కాని ప్రతి ఇంటను వారమునకు ఒక పిడికెడు బియ్యము, ఒక పాత పుస్తకము, ఒక గంట కాలము ఇతరులకని ప్రక్కన ఉంచవచ్చును. అది పిల్లవాని చేతులమీదుగ, పిల్లవాని శ్రమనుండి పోవలెను. వీలైనచో ఇచ్చినవాని పేరు అడిగి, ప్రక్కన కొంచెము సేపు కూర్చుండవలెను. స్టేషనువద్ద పండుకొనిన ఆ వృద్ధుని పేరు మన విద్యార్థికి తెలియదు. నాకును తెలియదు. ఈ ఏడు పాఠము చెప్పునపుడు ముందు ఆ సంగతియే చెప్పదలచితిని.

ఇంట చర్చించుటకు ప్రశ్నలు

(1) పత్రికలో వ్రాసిన మాటకు కట్టుబడి గృహము తెరచిరిగదా. మనము పిల్లలకు చెప్పు ఏ నీతికి మనము కట్టుబడి యున్నాము?

(2) డొరొతీ వడ్డీ సొమ్ము తిరిగి పంపుట సరియేనా? ఆ సొమ్ముతో ఎందరికో అన్నము పెట్టవచ్చునని మీరు వాదింతురా?

(3) వజ్రపుటుంగరమును మీరైన ఏమి చేసియుందురు?

(4) కండెలు చుట్టి చద్దరు వెల తీర్చమనిన తండ్రి తీర్పు మీకు సమ్మతమేనా? తల్లి యైనచో ఏమని తీర్పు చెప్పియుండును?

సమాధానములు వ్రాసి పంపనక్కరలేదు. పిల్లల ఎదుట చర్చించిన చాలును.